కరెంటుతో నడిచే ఎఫ్ఎం మైక్: ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కక్కుర్తి వద్దు

బీటెక్ సెకండియర్‌లో నేను చేసిన ఎఫ్ఎం మైక్‌లో ఉన్నవి ఒక ట్రాన్సిస్టర్, ఒక కండెన్సర్ మైక్, చేత్తో చుట్టిన కాయిల్. బ్యాటరీ మాటిమాటికీ అయిపోతోందని కరెంటుకు మార్చాను. ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చెందుకని 230 వోల్టుల లైన్‌కి కెపాసిటర్, డయోడ్లు, జీనర్ పెట్టేశా. మీటర్ 9 వోల్టులే చూపించింది. మైక్ రేకు తాకగానే షాక్ కొట్టింది. కాళ్లకి చెప్పులుండబట్టి సరిపోయింది!

తప్పెక్కడ? కెపాసిటర్ కరెంటుని తగ్గిస్తుందే కానీ, సర్క్యూట్‌ని లైన్ నుంచి విడదీయదు. రెండు వైర్ల మధ్య 9 వోల్టులే ఉన్నా, నేలతో చూస్తే 230 దాకా ఉండొచ్చు. మైకేమో చేత్తో పట్టుకునేది.

అందుకే నా మాట: ట్రాన్స్‌ఫార్మర్ లేని సర్క్యూట్ వీడియోలో ఎంత బాగా పనిచేసినా మైక్‌కి వాడొద్దు. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్ తీసుకోండి. దాని తర్వాత 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, 7809 రెగ్యులేటర్ పెట్టండి. ఇవి లేకపోతే 100 హెర్ట్జ్ 'బుయ్య్' శబ్దం మీ గొంతుని మింగేస్తుంది.

ఇంకోటి, 88–108 మెగాహెర్ట్జ్‌లో లైసెన్స్ లేకుండా ప్రసారం చేయడం మన దేశంలో చట్టవిరుద్ధం. కాలేజీ ల్యాబ్‌లో, సార్‌కి చెప్పి, యాంటెన్నా బదులు డమ్మీ లోడ్ పెట్టి నేర్చుకోండి. నాలుగు డబ్బులు మిగులుతాయని ప్రాణం మీదికి తెచ్చుకోకండి.