బొమ్మల పుస్తకంలో జపాన్ భాష

నర్సింగ్ చదివిన మన ఆడపిల్లలు ఇప్పుడు జపాన్ ఉద్యోగాల మాట ఎత్తుతున్నారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులకు ఆ భాష నేర్పించి పంపే పని చేపట్టింది. మన దంతాలపల్లి లాంటి ఊళ్లల్ల తల్లులకు మాత్రం ఒకటే దిగులు, రాని భాషతో బిడ్డ అక్కడ ఎట్లా నెగ్గుకొస్తుందని. అందుకే బిడ్డ మాంగా పట్టుకుంటే "ఇదేం చదువు?" అని కసరకండి. మాంగా అంటే జపాన్ వాళ్ల బొమ్మల కథ. టీవీలో మన పిల్లలు తెలుగులో చూసే డోరెమాన్ కూడా 1969లో మాంగాగా మొదలైందే.

ముందు పుస్తకం పట్టే తీరు. ఉర్దూ పుస్తకంలాగా, మనకు వెనక అట్ట అనిపించే వైపు నుంచి తెరవాలి. పేజీలో పైన కుడిమూల బొమ్మతో మొదలుపెట్టి ఎడమకు, ఆపైన కిందికి రావాలి. మాటలు నిలువుగా ఉంటాయి, ఆ వరుసలూ కుడి నుంచే.

ఇక అక్షరాలు. హిరగానా 46, కతకానా 46. మన గుణింతంలాగే క, కి, కు, కె, కొ అని శబ్దానికో అక్షరం. క, స, త, న, హ, మ, య, ర, వ అనే వరుస చూస్తే మన అక్షరమాల గుర్తుకు రాదూ? బౌద్ధంతో పాటు వెళ్లిన సంస్కృత వర్ణక్రమం ప్రభావమది. పలక మీద రోజుకు ఐదు దిద్దితే పది రోజుల్లో హిరగానా ఒక చుట్టు అయిపోతుంది.

చైనా నుంచి వచ్చిన కంజి అక్షరాలు మాత్రం వేలల్లో ఉంటాయి. పిల్లల మాంగాల్లో కంజి పక్కనే దాన్ని ఎట్లా పలకాలో చిన్న హిరగానాలో వేస్తారు. దాన్ని ఫురిగానా అంటారు. అది ఉన్న పుస్తకమే కొనండి. నన్నడిగితే 'యొత్సుబాతో' మంచిది. ఐదేళ్ల పిల్ల అల్లరి కథ, అన్నీ ఇంట్లో మాట్లాడుకునే మాటలే.

వాక్యం దగ్గర మనకు సగం బాధ తప్పుతుంది. 'గక్కో ని ఇకిమస్' అంటే 'బడికి వెళ్తాను'. గక్కో బడి, ని మన 'కి', క్రియ చివరనే. బొమ్మల పక్కన పెద్దగా రాసే చప్పుళ్లు చూస్తే నవ్వొస్తుంది. గుండె మనకు దడదడ అంటే వాళ్లకు దోకిదోకి. ఆకలికి మన కడుపు నకనకలాడితే వాళ్లది పెకోపెకో.

ఒక్క జాగ్రత్త. మాంగాలో మగపిల్లలు 'ఒరె' (నేను), 'ఒమాఎ' (నువ్వు) అంటుంటారు. ఆస్పత్రిలో ముసలాయన్ను 'ఒమాఎ' అంటే మన దగ్గర పెద్దాయన్ను 'ఒరేయ్' అన్నట్టే. అట్లాంటి మాటలు ఎర్ర సిరాతో వేరే రాసి పెట్టుకోమనండి. అక్కడ రోగిని పిలిచేది ఇంటిపేరుకు 'సాన్' చేర్చి, మన 'గారు' లాగా.