పశ్చిమాఫ్రికాలో మనవారి క్షేమము

2025 జూలై 1వ తేదీన మాలీ దేశమందలి కాయెస్‌లో సాయుధులు ఒక సిమెంటు కర్మాగారముపై బడి మువ్వురు భారతీయులను బలాత్కారముగా గొనిపోయిరి. వారిలో తెలుగుబిడ్డయు నుండెను. నాడే ఆ దేశమున పెక్కుచోట్ల దాడులు జరిగెను. అల్‌ఖైదా అనుబంధమైన ముఠా వానిని తనవిగా జాటుకొనెను. అదే మాసము 15వ తేదీన పొరుగుననున్న నైజర్‌లో ఇరువురు భారతీయులు హతులైరి, మఱియొకరు అపహృతులైరి.

ఈ వార్తలు జహీరాబాదువారికి దూరపువార్తలు కావు. ట్రాక్టరుల కర్మాగారము గల యీ పట్టణమున యంత్రపుపని నెఱిగిన యువకులు గలరు. పశ్చిమాఫ్రికాలోని కర్మాగారములకును, గనులకును, విద్యుత్పనులకును గావలసినది వీరివంటి పనివారే. అధిక వేతనమునకై దేశాంతరమేగుట నేరము గాదు.

వెళ్లువారు జాగ్రత్తగా నుండవలెనని చెప్పి ఊరకుండుట సులభము. కాని కాయెస్‌లో మనవారు అర్ధరాత్రమున నడవిదారిని దిరుగుచు జిక్కలేదు. పనిచేయుచున్న తావుననే చిక్కిరి. అట్టిచోట ఒంటరివాని జాగ్రత్త యేమి చేయగలదు? పనిలో బెట్టుకొన్న యజమానికిని, పంపిన దేశమునకును బాధ్యత లేదా?

1917లో ఒప్పందకూలీల సేకరణము నిలిచిపోవుటకు మన జాతీయనాయకుల యాందోళనమే ముఖ్యకారణము. స్వతంత్రభారతము 1983లో వలసల చట్టము చేసెను. అయినను పదవతరగతి గడవని శ్రామికులకు ప్రభుత్వానుమతి యావశ్యకమని నిర్ణయించిన 18 దేశముల పట్టికలో గల్ఫు రాజ్యములు గలవు; మాలీ లేదు, నైజర్ లేదు. అపాయ మధికమైన చోటనే తనిఖీ లేకుండుట విపరీతము.  నేటి యపాయము ప్రాణాపాయము.

కావున వెళ్లదలచినవారు ఏజెంటు రిజిస్ట్రేషను సంఖ్యను అడుగవలెను. సందర్శకుల వీసాపై పనికి బోరాదు. ఒప్పందపత్రపు ప్రతిని, పనిచేయు తావు పేరును ఇంటివారికి ఇచ్చిపోవలెను. మాలీ చేరినంతనే బమాకోలోని మన రాయబార కార్యాలయమున పేరు వ్రాయించుకొనవలెను. భీమా లేనిదే విమానమెక్కరాదు.

ప్రభుత్వముల కర్తవ్యము అంతకంటె గురుతరమైనది. కల్లోలదేశములకు బోవు ప్రతి శ్రామికుని చదువుతో నిమిత్తము లేక నమోదు చేయవలెను. కర్మాగారమునకు దగిన కావలి గలదని యజమాని హామీ నిచ్చినగాని పంపరాదు. ఇప్పని జిల్లాకేంద్రములనుండియే యారంభము కావలెను. బిడ్డడు చెఱబడిన పిదప తల్లిదండ్రులు కార్యాలయముల చుట్టు దిరుగుటకంటె, వాడు బయలుదేఱకమునుపే ప్రభుత్వము వాని యింటి తలుపు దట్టుట మేలు గాదా?