‘తిన్నావా?’ కాదు... ‘ఏం తిన్నావ్?’ అనడగండి!

ఉదయం ఏడున్నర. వేల్పూర్‌లో ఓ ఇంటి ముందు హడావిడి. డిగ్రీ అయిపోయి పీజీలో చేరిన అమ్మాయి ఆర్మూర్ బస్సు అందుకోవాలి. అక్కడ దిగి డిచ్‌పల్లి వైపు వెళ్లే బస్సు పట్టుకోవాలి. ‘రెండు ముద్దలు తినిపో బిడ్డా’ అని తల్లి వెనకాలే వస్తుంది. ‘టైమ్ లేదమ్మా’ అంటూ సగం కప్పు చాయ్, రెండు బిస్కెట్లతో కూతురు గడప దాటేస్తుంది. మధ్యాహ్నం ఓ కర్రీపఫ్, మళ్లీ చాయ్. సాయంత్రం స్నేహితులతో మిర్చీబజ్జీ, లేదంటే బండి మీద నూడుల్స్. ఇంటికొచ్చేసరికి ఆకలి చచ్చిపోతుంది. మధ్యలో తల్లి ఫోన్ చేస్తే ‘తిన్నానమ్మా’ అంటుంది. అది అబద్ధమేమీ కాదు. కానీ ఆ రోజంతా ఆమె పళ్లెంలో పప్పు లేదు, ఆకుకూర లేదు, పండు అసలే లేదు!

డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయం 2006లో ఏర్పడింది. పెద్ద చదువు దగ్గరికొచ్చింది. కానీ ఇల్లు దాటాక తిండి తీరు మారిపోతోంది. ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఏం తినాలో అమ్మ చూసుకునేది. హాస్టల్లోనో, అద్దె గదిలోనో చేరాక ఆ నిర్ణయం పిల్లలదే. పరీక్షల రోజుల్లో అయితే అర్ధరాత్రి దాకా చాయ్‌తోనే కాలక్షేపం.

దీని ఫలితం బయటికి కనిపించదు. మెట్లెక్కితే ఆయాసం, క్లాసులో నిద్రమత్తు, చదివింది గుర్తుండకపోవడం... ‘చదువు ఒత్తిడి’ అనుకుని వదిలేస్తాం. చాలాసార్లు అసలు కారణం రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ప్రతి పదిమందిలో దాదాపు ఆరుగురు! అబ్బాయిలకూ ఈ బాధ తప్పదు కానీ, నెలసరి వల్ల అమ్మాయిలకు ముప్పు ఎక్కువ. గర్భవతి కాని మహిళల్లో హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత కిందే లెక్క.

మరి ఎంత తినాలి? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2000 కేలరీలు అవసరమయ్యేవారికి బియ్యం, గోధుమ, జొన్న లాంటివి 250 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు ఉండాలంది. మన పిల్లల పళ్లెం చూస్తే ఈ లెక్క తలకిందులుగా ఉంటుంది. కొండంత అన్నం, గరిటెడు నీళ్ల చారు!

అన్నట్టు, దీనికి ఖరీదైన డబ్బాల పొడులేం అక్కర్లేదు. వేల్పూర్, ఆర్మూర్ చుట్టుపక్కల పొలాలనిండా ఎర్రజొన్న పండుతుంది. అయితే అది ఎక్కువగా పశుగ్రాసం విత్తనంగా ఉత్తరాది రాష్ట్రాలకు వెళ్లిపోతుంది. తినే తెల్లజొన్న రొట్టె మాత్రం చాలా ఇళ్లలో తగ్గిపోయింది. వంద గ్రాముల జొన్నల్లో ఇనుము దాదాపు 4 మిల్లీగ్రాములు ఉంటే, తెల్లబియ్యంలో ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. పీచు కూడా జొన్నలోనే మూడింతలకు పైగా ఎక్కువ. రాత్రి చేసిన రెండు రొట్టెలు, ఉల్లిగడ్డ కారం, పుంటికూర పప్పు డబ్బాలో పెడితే మధ్యాహ్నానికీ రుచి చెడదు. ఓ పిడికెడు పల్లీల్లో ఏడు గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయి. ఉడికించిన కోడిగుడ్డులో ఆరు. యాభై కిలోల బరువున్న విద్యార్థికి రోజుకు కావాల్సింది నలభై గ్రాముల పైచిలుకే కదా!

ఇంకో సంగతి. అన్నం తినగానే చాయ్ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. కనీసం గంట ఆగాలి. అదే ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండితే ఇనుము బాగా ఒంటబడుతుంది. జామకాయ, ఉసిరికాయ తిన్నా అంతే.

ఇంటి నుంచి డబ్బా తెచ్చుకోలేని హాస్టల్ పిల్లల మాటేమిటి? ప్రభుత్వ సంక్షేమ హాస్టళ్లలో ఇంటర్ నుంచి పీజీ దాకా చదివేవారికి నెలకు 1500 రూపాయలున్న డైట్ ఛార్జీలను రాష్ట్ర ప్రభుత్వం 2024లో 2100 చేసింది. రోజుకు 70 రూపాయలన్నమాట. మూడు పూటలకూ అదే. ఆ కొద్దిపాటి డబ్బు పప్పు, గుడ్డు, ఆకుకూరలుగా పళ్లెంలోకి వస్తోందా లేదా అన్నది చూడాల్సింది తినేవాళ్లే. మెస్ మెనూ గోడకు అతికించి ఉందా, ఉన్నట్టే వండుతున్నారా అని విద్యార్థులు నలుగురు కలిసి అడగడంలో తప్పులేదు. అద్దె గదుల్లో ఉండేవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి కుక్కర్లో పెసరపప్పు, బియ్యం, ఓ గుప్పెడు పాలకూర వేసి కిచిడీ పెట్టుకుంటే అరగంట పని. నూడుల్స్ బండి దగ్గర ఎదురుచూసే సమయమే!

ఎప్పుడూ అలసటగా, ముఖం పాలిపోయినట్టుంటే మాత్రం సొంత వైద్యం వద్దు. దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో రక్తపరీక్ష చేయించి, డాక్టర్ చెప్పినట్టు మందులు వాడాలి.

బడికెళ్లే రోజుల్లో సద్దిగిన్నె కట్టిచ్చిన అమ్మే, యూనివర్సిటీకి వెళ్లే బిడ్డ సంచిలో ఓ పల్లీల పొట్లం, ఓ జామకాయ పడేస్తే చాలు. ఇక రాత్రి ఫోన్లో ‘తిన్నావా?’ అని ఊరుకోకండి. ‘ఏం తిన్నావ్ బిడ్డా?’ అని అడగండి. మొదటి రెండ్రోజులు విసుక్కుంటారు. మూడోరోజు జవాబు చెప్పడానికైనా పళ్లెం వంక ఓసారి చూసుకుంటారు!