అంకుశం చవకే, ఏనుగు మాటేమిటి?

ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడాడని వెనకటికి నవ్వుకునేవాళ్లు. ఇప్పుడు కథ తిరగబడింది. అంకుశం చవగ్గా వస్తోంది కాబట్టి ఏనుగును కొనుక్కోమంటున్నారు. ‘కిలోమీటరుకు రూపాయే’ అన్న మాట ఈ మధ్య ఎటు తిరిగినా చెవిన పడుతోంది. కరెంటు స్కూటరుకు అంత కూడా కాదు. చిన్న విద్యుత్ కారుకు ఆ మాట దాదాపు నిజం. రెండు టన్నులు దాటిన కండల బండికీ (మజిల్ కారుకూ) అదే మాట అతికించేస్తుంటే మాత్రం ఊరుకోబుద్ధి కావడం లేదు. మోజు చూస్తే తక్కువేమీ కాదు. 2025 ఆగస్టులో మహీంద్రా విద్యుత్ కారు బీఈ 6 బ్యాట్‌మ్యాన్ ఎడిషన్ 999 బండ్లు 135 సెకన్లలో బుక్కయిపోయాయి. శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ టికెట్టు చేతికి రావడానికి అంతకన్నా ఎక్కువసేపు పడుతుంది.

లెక్క మన కరెంటు బిల్లు మీదే వేద్దాం. కండల కారు అంటే అసలు సిసలుది అమెరికాలో డాడ్జ్ కంపెనీ వదిలిన ఛార్జర్ డేటోనా. అందులో స్కాట్ ప్యాక్ రకానికి 670 గుర్రాల బలం, 2,600 కిలోల పైచిలుకు బరువు, 100 యూనిట్ల బ్యాటరీ. అక్కడి ప్రభుత్వ పరీక్ష ప్రకారం ఒకసారి నింపితే 388 కిలోమీటర్లు పోతుంది. గోడలోంచి బ్యాటరీలోకి ఎక్కేటప్పుడు కొంత కరెంటు దారిలోనే వేడిగా పోతుంది కాబట్టి యూనిట్‌కు నాలుగు కిలోమీటర్లు కూడా రావు. పోనీ, నాలుగే అనుకుందాం. నెలకు 250 యూనిట్లు కాలే ఇంట్లో ఈ బండి చేరి వెయ్యి కిలోమీటర్లు తిరిగితే మీటరు 500కు చేరుతుంది. మన ఆంధ్రప్రదేశ్ శ్లాబుల్లో 226 నుంచి 400 దాకా యూనిట్ 8.75 రూపాయలు, ఆపైన 9.75. అదనంగా పడే బిల్లు 2,287 రూపాయలు. ఆ మీద ట్రూఅప్ (సర్దుబాటు ఛార్జీల) వడ్డింపులు ఉండనే ఉన్నాయి. యూనిట్‌కు ఎనిమిది కిలోమీటర్లిచ్చే చిన్న విద్యుత్ కారుకు ఇదే తిరుగుడు 1,094 రూపాయల్లో తేలిపోతుంది. రూపాయి మాట పుట్టింది ఈ చిన్న కారు దగ్గర, దాన్ని ఎత్తుకుపోయింది పెద్ద కారు. వేరే మీటరు పెట్టించుకుంటే కాస్త తగ్గుతుంది, నిజమే. కానీ దూరప్రయాణంలో రోడ్డు పక్కన ఫాస్ట్ ఛార్జర్ దగ్గర ఆగాల్సిందే. యూనిట్ 20 రూపాయలనుకుని జీఎస్టీ కలిపితే 23.60. కిలోమీటరుకు ఆరు రూపాయలకు ఓ పది పైసలు తక్కువ. లీటరు 110 రూపాయల పెట్రోలుతో 20 కిలోమీటర్లు పోయే మామూలు కారుకు అయ్యేది ఐదున్నర!

బరువు ఒక్కటే కాదు, గాలి కూడా సుంకం వసూలు చేస్తుంది. వాయులింగం వెలసిన శ్రీకాళహస్తికి గాలి సంగతి ఒకరు చెప్పాలా! గాలి చొరని గర్భగుడిలోనే దీపం రెపరెపలాడుతుందంటారు, బయట రోడ్డు మీద ఊరుకుంటుందా? ఏర్పేడు దగ్గర రోడ్డు ఖాళీగా కనబడిందని 80 మీద పోయే బండిని 120కి తొక్కితే వేగం ఒకటిన్నర రెట్లే పెరుగుతుంది, ప్రతి కిలోమీటరుకూ గాలిని చీల్చడానికి పట్టే శక్తి మాత్రం రెండుంబావు రెట్లవుతుంది. కండల బండి కొన్నది 60లో పోవడానికి కాదు కదా. ఇక ఎత్తు సంగతి. 2,600 కిలోలను అలిపిరి నుంచి తిరుమలకు, అంటే దాదాపు 700 మీటర్ల పైకి ఎక్కించాలంటే గాలీ రాపిడీ పక్కనబెట్టినా ఐదు యూనిట్లు కావాలి. దిగేటప్పుడు బ్రేకుల ద్వారా కొంత బ్యాటరీలోకి తిరిగొస్తుంది, మొత్తం రాదు.

నాకు అన్నిటికన్నా మంట పుట్టించేది సర్కారు లెక్క. ఫ్రిజ్ తలుపు మీద, ఏసీ మీద నక్షత్రాలు అతికించి యూనిట్లు లెక్కపెట్టుకోమని మనకు నేర్పింది బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ. కార్ల కంపెనీల సగటు పొగకు హద్దులు గీసిన కెఫే నిబంధనల్లోనూ దాని చేయి ఉంది. ఆ లెక్కలో కారు బరువెక్కే కొద్దీ హద్దు సడలుతుంది. విద్యుత్ కారుకు పొగ సున్నా అని రాసుకుంటారు, పైగా ఒక్క కారును మూడు కార్లుగా లెక్కిస్తారు. అది యూనిట్‌కు ఎనిమిది కిలోమీటర్లు పోతుందా, నాలుగే పోతుందా అని అడిగే నాథుడు లేడు. మన దేశంలో ఒక యూనిట్ కరెంటు వెనక సగటున 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ ఉంది. నాలుగు కిలోమీటర్ల బండికి పంచితే కిలోమీటరుకు 175 గ్రాములు. ఇందాకటి 20 కిలోమీటర్ల పెట్రోలు కారు పొగగొట్టంలోంచి వచ్చేది 115. పెట్రోలును శుద్ధి చేసి బంకుకు చేర్చే ఖర్చు కలిపినా పెద్దబండే ముందుంటుంది. చిన్న విద్యుత్ కారుదేమో 90 దాటదు. అంటే తప్పు కరెంటుది కాదు, కండలది. పన్ను దగ్గరా ఇదే వరస. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కారు మీద జీఎస్టీ 18 శాతం. విద్యుత్తుదైతే ఎంత బరువైనా, ఎంత ఖరీదైనా 5 శాతమే.

పెట్రోలు కండల కార్లతో పోల్చి చూడమనేవాళ్లున్నారు. 2016లో మన దేశానికొచ్చిన ఫోర్డ్ మస్టాంగ్‌లాంటిది లీటరుకు ఆరేడు కిలోమీటర్లిస్తే గొప్ప. కిలోమీటరుకు 16, 18 రూపాయలు. దానిముందు రెండున్నర రూపాయలు చవకే, ఒప్పుకుంటాను. కానీ ఈ చుట్టుపక్కల మస్టాంగ్ అమ్మేసి విద్యుత్ బండి కొంటున్నవాళ్లు ఎందరు? అటు మళ్లేది స్విఫ్టూ ఐ20నూ నడిపేవాళ్లే. మిద్దె మీద సోలార్ ఉంటే కరెంటు ఉచితమే కదా అన్నది ఇంకో వాదన. మూడు కిలోవాట్ల పలకలు నెలకు 350 యూనిట్ల చుట్టుపక్కల ఇస్తాయి. అందులో 250 కారే తాగేస్తే ఇంటికి మిగిలేదెంత? పైగా పలకలు పండించేది పగలు, కారు ఇంటికి చేరేది పొద్దుగూకాక. ఎవరి డబ్బు వాళ్లిష్టం అన్నవాళ్లకు ఒకటే జవాబు. డబ్బు ఎవరిది వాళ్లదే, కరెంటు తీగ అందరిదీ. 2022 సెప్టెంబరు నుంచి విడతలవారీగా తిరుపతికి వంద ఎలక్ట్రిక్ ఆర్టీసీ బస్సులొచ్చాయి. అందులో నెల్లూరు దారికి పన్నెండు. తొమ్మిది మీటర్ల ఆ బస్సు కిలోమీటరుకు ఇంచుమించు ఒక యూనిట్‌తో ముప్పై మందికి పైగా మోస్తుంది. అదే యూనిట్‌తో నాలుగు కండల కార్లు నలుగురిని మోస్తాయి.

మోసినా మోయకపోయినా, నోరు మూసుకునైనా పోవు. విద్యుత్ కండల బండితో దక్కిన ఒకే ఒక్క నికరలాభం నిశ్శబ్దం. డాడ్జ్ వాళ్లకు అదే లోటుగా తోచి, పొగగొట్టం లేని బండికి 126 డెసిబెల్స్ దాకా గర్జించే ఉత్తుత్తి పొగగొట్టం తగిలించారు. మహీంద్రా వాళ్లు మరికాస్త మర్యాదగా ఏఆర్ రెహమాన్ చేత తమ విద్యుత్ కార్లకు 75 రకాల ధ్వనులు కట్టించారు. నిదానంగా పోయేటప్పుడు నడిచేవాళ్లకు తెలిసేలా చిన్న చప్పుడుండటం అవసరమే, చూపు లేనివాళ్లకు మరీ అవసరం. గర్జన వేరు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదని చట్టం 2000 నుంచీ ఉంది. శ్రీకాళహస్తి మాడవీధుల్లో ఏ రోజైనా సాయంత్రం ఒక మీటరు పట్టుకుని నిలబడమనండి, హారన్ల ధాటికి ముల్లు ఎక్కడుంటుందో. ఆ చెవులకే ఇప్పుడు బ్యాటరీ ఖర్చుపెట్టి, స్పీకరు పెట్టి, లేని ఇంజను మోత వినిపిస్తారట.