బంగాళాఖాతం మీదికి విమానం వెళ్లాలి

తుపాను అనగానే కాకినాడ, మచిలీపట్నం గుర్తొస్తాయి గానీ నల్లగొండ, పాలమూరు గుర్తుకు రావు. 2020 అక్టోబరు 13 ఉదయం కాకినాడ దగ్గర తీరం దాటింది తుపాను కూడా కాదు, తీవ్ర వాయుగుండం. అది తెలంగాణ మీదుగా పడమటికి పోతూ ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన కురిపించింది. మూసీకి వచ్చిన ఆ వరద దిగువన నల్లగొండ వైపు మూసీ ప్రాజెక్టుకే చేరాలి. అక్కడ గేట్లు ఎప్పుడు ఎత్తాలో వాన పడ్డాక ఆలోచిస్తే ఆలస్యమే. పత్తి ఏరే, వరి కోసే రోజులు కూడా అవే.

తీరం దాటిన వాయుగుండం ఎటు మళ్లేదీ పైగాలులను బట్టి ఉంటుంది. వాటిని కొలిచే బెలూన్లు హైదరాబాద్, విశాఖ వంటి చోట్ల నేల మీది నుంచే ఎగురుతాయి. తుపాను పుట్టే సముద్రం మీద ఆ కొలత లేదు. ఉపగ్రహం మేఘాల ఆకృతిని చూపిస్తే, దాన్నిబట్టి గాలివేగాన్ని అంచనా వేస్తున్నారు. తీరంలోని రాడార్ చూపు కొన్ని వందల కిలోమీటర్లే. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖ రాడార్‌నే దెబ్బతీసింది.

ఆ లోటు తీర్చగలిగేది విమానమే. అమెరికా విమానం హరికేన్‌లోకి (అక్కడి తుపానులోకి) మొదటిసారి కావాలని వెళ్లింది 1943లో. ఇప్పుడు అక్కడి విమానాలు డ్రాప్‌సోండ్‌లను జారవిడుస్తాయి. అరకిలో కూడా తూగని గొట్టం, దానికో చిన్న పారాచూట్. పడుతున్నంతసేపూ పీడనం, ఉష్ణోగ్రత, తేమ కొలుస్తుంది. జీపీఎస్ సాయంతో గాలి వేగం, దిశ చెబుతుంది. 13 కిలోమీటర్ల ఎత్తు నుంచి సముద్రాన్ని తాకడానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంటలో తుపాను లోపలి పొరలన్నీ అంకెలుగా కంప్యూటర్ నమూనాలకు అందుతాయి. తైవాన్ 2003 నుంచీ ఈ పని చేస్తోంది.

మనకు చేతకాని పనేమీ కాదిది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ 2009లోనే మేఘాల పరిశోధనకు హైదరాబాద్ నుంచి విమానం నడిపింది. 2011లో వానచాటు జిల్లా అయిన మహబూబ్‌నగర్ (పాలమూరు)లో నేలమీది పరికరాలూ నెలల తరబడి పెట్టింది. వాన రాని మేఘాన్ని అంత శ్రద్ధగా పరిశీలించినవాళ్లం, వరద తెచ్చే మేఘం లోపలికి ఎందుకు వెళ్లకూడదు? ఖర్చు ఎక్కువే, నిజం. కానీ తెగిన ఒక్కో చెరువుకట్టకూ, తడిసి నల్లబడిన పత్తికీ మనం ఏటా చెల్లిస్తున్నది కూడా ఖర్చే.

ఒక్క షరతు మాత్రం మొదటే రాసుకోవాలి. పెను తుపానులకే విమానం పంపుతామంటే 2020 నాటి వాయుగుండం ఆ లెక్కలోకే రాదు. గాలి బలంతో పాటు, అది మోసుకొచ్చే తేమ ఏ పరీవాహక ప్రాంతం మీద కురవబోతోందో చూసి విమానాన్ని పంపాలి.