ఇంజన్ దించినప్పుడే చూడవలసినవి



మిరప కోతలు ముగిసి చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లోనే మన పల్లెల్లో చాలామంది బండి మరమ్మతుకు పూనుకుంటారు. కారు నీలం పొగ వదులుతోందనీ, ఆయిల్ తాగుతోందనీ తీసుకెళ్తే మెకానిక్ చూసి, "ఇంజన్ దించాలండీ, బోరు చేయించాలి" అంటాడు. మంగళగిరి నుండి వారధి దాటి విజయవాడ ఆటోనగర్ చేరితే లేతు పని, బోరు పని, విడిభాగాలు అన్నీ దగ్గర దగ్గరగా దొరుకుతాయి. చిక్కు ఆ తరువాత వస్తుంది. ఇంజన్ విప్పిన సాయంత్రం మెకానిక్ ఇంకో చీటీ రాసి చేతిలో పెడతాడు. క్లచ్ ప్లేటు, వాటర్ పంపు, ఆయిల్ సీళ్ళు, హోస్ పైపులు... మనం వచ్చిన పని ఒకటైతే ఇవన్నీ ఎందుకని అనుమానం.

మాకూ అదే అనుమానం వచ్చింది. కొన్నేళ్ళ క్రితం మా పాత కారుకు బోరు చేయించినప్పుడు, క్రాంక్ షాఫ్ట్ వెనుక ఆయిల్ సీలు కూడా మార్చమన్నారు. "ఇప్పుడు కారడం లేదుగా" అని మేమే వద్దన్నాం. మూడు నెలలు తిరక్కుండానే ఆయిల్ కారి క్లచ్ ప్లేటు మీద పడింది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తుందే గాని బండి కదలదు. సీలు ఖరీదు ఎంతో కాదు. దానికోసం గేర్‌బాక్సు మళ్ళీ దించారు. కూలి రెండోసారి, పైగా కొత్త క్లచ్ ప్లేటు. తప్పు మెకానిక్‌ది కాదు, మాదే.

అందుకని ఆ చీటీ చూడగానే ఒక్కటి అడగండి. ఈ వస్తువు రేపు చెడితే మళ్ళీ ఇంజన్ గాని, గేర్‌బాక్సు గాని దించాలా? దించాలంటే ఇప్పుడే చూపించండి. క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, వెనుక సీలు ఈ కోవలోవే. బ్యాటరీ, డైనమో, షాకబ్జార్లు ఎప్పుడైనా విప్పవచ్చు, డబ్బు చాలకపోతే ఆగవచ్చు. బ్రేకులు మాత్రం ఆపకండి.

2014లో తయారీ ఆగిన అంబాసిడర్ పాత బి.ఎం.సి. ఇంజన్‌లో టైమింగ్‌కు గొలుసు ఉండేది. ఆ ఏడాదే ఆగిన మారుతి 800లో రబ్బరు బెల్టు. మీ బండికి బెల్టు ఉంటే కొత్తది వేయించండి. చాలా ఇంజన్లలో అది తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకొని చేసిన పనంతా పోతుంది. వాటర్ పంపు ఆ బెల్టుతోనే తిరిగేదైతే దానినీ అప్పుడే మార్చడం మేలు.

ఇక రేడియేటర్. ఇంజన్ వేడెక్కి పాడైతే, రేడియేటర్ పూడిపోయి ఉండగా కొత్త పిస్టన్లు వేసి లాభం లేదు. విప్పించి శుభ్రం చేయించండి. మన వైపు బోరింగు నీళ్ళు పోస్తే లోపల తెల్లటి పొర కడుతుంది, కూలెంటే పోయండి. మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకని కొందరు తీసి పారేస్తారు. ఒప్పుకోకండి. అది లేకపోతే ఇంజన్ తగిన వేడికి సరిగా రాదు, ఇంధనం ఎక్కువ కాలుతుంది, బోరు తొందరగా అరుగుతుంది.

తీసేసిన పాత సామాను సంచిలో వేసి ఇమ్మనండి. అడగడానికి మొహమాటం అక్కరలేదు. బండి ఇంటికొచ్చాక, ఇంజన్ కొత్తదైందిగా అని మిర్చి టిక్కీలు ఎక్కించి గుంటూరు యార్డుకు పరుగు తీయించకండి. మొదటి 1000 కిలోమీటర్లు బరువు లేకుండా నిదానంగా తోలి, ఆయిల్ మార్పించి, ఆ తరువాతే పనిలో పెట్టండి.