పార్కింగ్ లెక్కను ఎవరు దిద్దారో తెలియాలి

సాయంత్రం ఆరింటికి ఏ పెద్ద నగరంలోనైనా నడిబొడ్డున ఉన్న బజారుకు కారులో వెళ్లి చూడండి. హైదరాబాద్‌లో కోఠి, చెన్నైలో టి.నగర్, ఢిల్లీలో కరోల్‌బాగ్... ఎక్కడైనా ఒకటే అనుభవం. ఖాళీ కోసం రెండు మూడు చుట్లు తిరుగుతాం. చివరికి విసిగిపోయి "ఇక్కడ పార్కింగ్ చాలదు" అని తీర్పు చెప్పేస్తాం. ఆ తీర్పు నిజమో కాదో తేల్చడానికే పార్కింగ్ అధ్యయనాలు ఉన్నాయి.

అవి జరిగే పద్ధతి దాదాపు అన్ని దేశాల్లోనూ ఒకటే. నగరపాలక సంస్థో, రవాణా సంస్థో ఒక కన్సల్టెంటుకు పని అప్పగిస్తుంది. వాళ్లు మనుషుల్ని పెట్టి, లేదా కెమెరాలతో, గంటగంటకూ నిలిపి ఉన్న వాహనాలను లెక్కిస్తారు. ముసాయిదా నివేదిక తయారవుతుంది. సంస్థ అధికారులు దాన్ని చదివి తమ వ్యాఖ్యలు పంపుతారు. కొంతకాలానికి తుది నివేదిక వెలువడుతుంది. ఎవరైనా ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన రోజున గొడవ మొదలవుతుంది. ముసాయిదాలో ఉన్న ఒక వాక్యం తుది ప్రతిలో ఉండదు. ఒక పట్టిక చోటు మారుతుంది. "కొరత లేదు" అన్నది "కొరత ఏర్పడే అవకాశం ఉంది" అవుతుంది.

అప్పుడు ఒక పక్షం "నివేదికను తారుమారు చేశారు" అంటుంది. "మేం డబ్బిచ్చి చేయించుకున్న నివేదికలో తప్పులు దిద్దుకునే హక్కు మాకు లేదా?" అని మరో పక్షం అడుగుతుంది. నా దృష్టిలో ఈ వాదనలు రెండూ అసలు విషయాన్ని వదిలేస్తున్నాయి. దిద్దడం తప్పు కాదు. ఎవరు, ఏది, ఎందుకు దిద్దారో చదివేవాళ్లకు తెలియకుండా దిద్దడం తప్పు. సైన్స్‌లో ఈ తేడా చాలా పెద్దది.

ఒకే లెక్క, మూడు జవాబులు

పార్కింగ్ లెక్క చాలా తేలికైనదిగా కనిపిస్తుంది. ఉన్న చోట్లు ఎన్ని, నిండినవి ఎన్ని, అంతే కదా! కానీ ఒక చిన్న ఊహాలెక్క వేసి చూద్దాం. ఒక బజారులో రోడ్డు పక్కన 400 కార్లకు చోటుంది. అయిదు నిమిషాల నడక దూరంలో ఉన్న పార్కింగ్ భవనాల్లో మరో 600 చోట్లు ఉన్నాయి. సాయంత్రం ఆరింటికి రోడ్డు పక్కన 380 కార్లు, భవనాల్లో 300 కార్లు ఉన్నాయి. ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా సగటు తీస్తే రోడ్డు పక్కన ఉన్నవి 220 కార్లు.

రోడ్డును మాత్రమే చూస్తే, రద్దీ వేళ 95 శాతం నిండింది. భవనాలను కూడా కలిపితే 1,000లో 680, అంటే 68 శాతం. రోజంతటి సగటు తీస్తే రోడ్డు మీద 55 శాతమే. ఈ మూడు అంకెల్లో ఒక్కటీ అబద్ధం కాదు. కానీ మొదటి అంకె చదివినవారు "కోట్లు పెట్టి కొత్త పార్కింగ్ భవనం కట్టాలి" అంటారు. రెండోది చదివినవారు "ఖాళీ ఉన్న భవనాలకు దారి చూపించే బోర్డులు పెట్టి, రోడ్డు మీద రుసుము పెంచితే చాలు" అంటారు. మూడోది చదివినవారికి సమస్యే కనిపించదు.

కాబట్టి నివేదిక ముగింపు మార్చాలంటే ఎవరూ ఒక్క కారును కూడా దొంగలెక్క రాయనక్కర్లేదు. అధ్యయన ప్రాంతం సరిహద్దును ఒక వీధి ఇవతలికి జరిపితే చాలు. గరిష్ఠ వేళ బదులు సగటు అని రాస్తే చాలు. మన నగరాల్లో ఇంకో మెలిక కూడా ఉంది. ద్విచక్ర వాహనాలను ఒక గుణకం వాడి కార్ల లెక్కలోకి మారుస్తారు. 1,000 స్కూటర్లున్న చోట నాలుగింటిని ఒక కారుగా తీసుకుంటే 250 కార్ల చోటు కావాలి, అయిదింటిని తీసుకుంటే 200 చాలు. ఒక్క అంకె మారితే 50 కార్ల తేడా వచ్చేసింది.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ధర. పార్కింగ్ ఉచితంగా ఉన్న చోట లెక్కించిన గిరాకీ, ఉచితానికి ఉన్న గిరాకీ మాత్రమే. గంటకు రుసుము పెడితే కొందరు పని త్వరగా ముగించుకుంటారు, కొందరు బస్సులోనో మెట్రోలోనో వస్తారు. "ప్రస్తుతం ఉచితంగా ఉన్నందున" అన్న మూడు మాటలను నివేదిక నుంచి తీసేస్తే, ధరతో మారే అంకె కాస్తా ప్రకృతి సహజమైన అవసరంలా కనిపిస్తుంది.

రాలిపోయిన హెచ్చరిక

నివేదికల్లో అన్నిటికన్నా తేలిగ్గా మాయమయ్యేది అంకె కాదు, అంకె పక్కనున్న హెచ్చరిక. దీనికి పార్కింగ్ పరిశోధనలోనే మంచి ఉదాహరణ ఉంది. "నగర కేంద్రాల్లో 30 శాతం ట్రాఫిక్ పార్కింగ్ కోసం వెతుకుతున్న వాహనాలదే" అన్న మాట మీరు ఎక్కడో చదివే ఉంటారు. దీని మూలం లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆచార్యుడు డొనాల్డ్ షూప్ రచనలు. 1927 నుంచి 2001 వరకు 11 నగరాల్లో జరిగిన 16 అధ్యయనాలను ఆయన ఒకచోట చేర్చారు. వెతుకుతున్న వాహనాల వాటా ఒకచోట 8 శాతం, మరోచోట 74 శాతం. వాటి సగటే ఆ 30.

ఇలాంటి రద్దీ ఉంటుందని అనుమానం ఉన్న చోటే పరిశోధకులు లెక్కలు తీస్తారని, కాబట్టి ఈ సగటు అన్ని వీధులకూ వర్తించదని షూప్ స్వయంగా రాశారు. ఆ వాక్యం దారిలో ఎక్కడో జారిపోయింది, 30 శాతం మాత్రం ప్రపంచమంతా తిరుగుతోంది. తర్వాత జీపీఎస్ సమాచారంతో కొన్ని నగరాల్లో జరిగిన అధ్యయనాల్లో అంతకన్నా చాలా తక్కువ వాటా కనిపించింది. ఇక్కడ ఎవరూ కుట్ర పన్నలేదు. హెచ్చరికను వదిలేయడం ఎంత సులువో, వదిలేశాక అంకె ఎంత బలంగా వినిపిస్తుందో మాత్రం ఇది చూపిస్తుంది. ఇక ఆ పని కావాలనే చేసేవారు ఉంటే?

కావాలనే చేసినప్పుడు

అలా జరిగిన సందర్భం ఒకటి పార్కింగ్‌కు బయట, చాలా పెద్ద విషయంలో బయటపడింది. 2005లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక కొన్ని పత్రాలను వెలుగులోకి తెచ్చింది. అమెరికా అధ్యక్ష భవనంలోని పర్యావరణ మండలిలో ఉన్నతాధికారి ఫిలిప్ కూనీ, శాస్త్రవేత్తలు రాసిన వాతావరణ నివేదికల ముసాయిదాల్లో తన చేత్తో మార్పులు చేశారు. ఆయన శాస్త్రవేత్త కాదు, న్యాయవాది. అంతకు ముందు చమురు పరిశ్రమ సంఘంలో పనిచేశారు. ఆయన చేసిన మార్పుల్లో చాలా భాగం చిన్నవే. ఒకచోట "అనిశ్చితి" గురించి ఒక విశేషణం చేరింది, మరోచోట ఒక పేరా ఎగిరిపోయింది. ఒక్కొక్కటిగా చూస్తే భాష సవరించినట్టే ఉంటుంది. అన్నీ కలిపి చూస్తే నివేదిక చెప్పే మాటే మెత్తబడిపోయింది. వార్త వచ్చిన కొద్ది రోజులకే ఆయన రాజీనామా చేశారు.

మన దేశంలోని ఉదాహరణ మరో రకం. మాధవ్ గాడ్గిల్ నాయకత్వంలోని నిపుణుల సంఘం పశ్చిమ కనుమలపై తన నివేదికను 2011 ఆగస్టులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖకు అందజేసింది. శాఖ దాన్ని బయటపెట్టలేదు. సమాచార హక్కు చట్టం కింద అడిగితే, ఇది ఇంకా పరిశీలనలో ఉందని కాదన్నారు. కేంద్ర సమాచార కమిషన్ ఇవ్వాల్సిందేనంది. శాఖ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి, అక్కడా ఓడిపోయింది. చివరికి 2012 మేలో, తాము దీన్ని ఇంకా ఆమోదించలేదన్న గమనికతో శాఖ నివేదికను ప్రచురించింది.

ఆ గమనికను నేను తప్పు పట్టను. నిజానికి సరైన పద్ధతి అదే. "నిపుణులు చెప్పింది ఇది, ప్రభుత్వం దీన్ని ఇంకా ఒప్పుకోలేదు" అని రెండు మాటలూ విడివిడిగా కనిపించాయి. ఆ తర్వాత కస్తూరిరంగన్ కమిటీ వేరే పద్ధతిలో లెక్కవేసి, పశ్చిమ కనుమల్లో సుమారు 37 శాతాన్నే సున్నిత ప్రాంతంగా సూచించింది. ఏది సరైనదన్న చర్చ ఇప్పటికీ నడుస్తోంది. మొదటి నివేదిక బయట ఉండబట్టే ఆ చర్చ సాధ్యమైంది.

తెరిచి పెడితే నష్టమా?

మళ్లీ పార్కింగ్‌కు వద్దాం. శాన్‌ఫ్రాన్సిస్కో నగర రవాణా సంస్థ 2011లో ఎస్ఎఫ్‌పార్క్ అనే ప్రయోగం మొదలుపెట్టింది. నగర కేంద్రంతో సహా కొన్ని ప్రాంతాల్లో సుమారు 7,000 రోడ్డు పక్క చోట్లను, 12,250 గ్యారేజీ చోట్లను ఇందులోకి తెచ్చింది. రోడ్డు ఉపరితలంలో సెన్సర్లు అమర్చి, నిండుదనం 60 నుంచి 80 శాతం మధ్య ఉండేలా వీధివీధికీ, వేళవేళకూ రుసుము మార్చింది. పోలిక కోసం, ధరలు మార్చని ప్రాంతాలను కూడా ఎంచుకుంది. 2014లో ఫలితాలు ప్రచురించింది. ప్రయోగ ప్రాంతాల్లో చోటు వెతికే సమయం 43 శాతం తగ్గింది, పోలిక ప్రాంతాల్లో 13 శాతమే తగ్గింది. రుసుములు పెరిగిపోతాయని భయపడినా, మీటర్ల సగటు ధర 4 శాతం తగ్గింది.

సంస్థ సమాచారాన్ని కూడా అందరికీ అందుబాటులో పెట్టింది. దాంతో బయటి పరిశోధకులు దాన్ని తిరిగి పరీక్షించారు. సగటు నిండుదనం అసలు సరైన కొలతేనా అని ప్రశ్నించారు. గంట సగటు 80 శాతమైనా అందులో కొంతసేపు వీధి పూర్తిగా నిండిపోయి ఉండవచ్చు, వచ్చినవారికి కావలసింది ఆ క్షణంలో ఒక్క ఖాళీ అని చూపించారు. ఇలా అడిగినందువల్ల సంస్థ పరువు పోలేదు. ప్రయోగం పనిచేసిందన్న మాటకు మరింత బలం వచ్చింది.

ఇంకా పెద్ద నమూనా కావాలంటే వాతావరణ మార్పులపై ప్రభుత్వాల మధ్య ఏర్పడిన ఐపీసీసీని చూడండి. 2021లో వచ్చిన దాని భౌతిక శాస్త్ర నివేదికకు నిపుణులు, ప్రభుత్వాలు కలిసి 78,007 వ్యాఖ్యలు పంపారు. ముసాయిదాలు, ఆ వ్యాఖ్యలు, వాటికి రచయితల జవాబులు అన్నీ నివేదిక పూర్తయ్యాక ప్రచురించారు. ఏ ప్రభుత్వం ఏ వాక్యాన్ని మార్చమన్నదో, రచయితలు ఒప్పుకున్నారో లేదో ఎవరైనా చూడవచ్చు. భూగోళమంతటి నివేదికకు సాధ్యమైన పని ఒక బజారు నివేదికకు సాధ్యం కాదా?

అధికారుల వైపు నుంచి

వాళ్ల వాదనలోనూ బలం ఉంది. కన్సల్టెంటు తప్పులు చేస్తాడు. ఏ వీధిలో ఆ రోజు జాతర జరిగిందో, ఏ గ్యారేజీ మరమ్మతుల్లో ఉందో స్థానిక అధికారికే తెలుస్తుంది. పైగా కన్సల్టెంట్లందరూ నిష్పాక్షికులేమీ కాదు. భవనం కట్టాలని తేలితే, దాని రూపకల్పన పని కూడా తనకే దొరుకుతుందన్న ఆశ కొందరికి ఉండవచ్చు. తప్పులున్న ముసాయిదా బయటికొస్తే జనం దాన్నే పట్టుకుంటారన్న భయమూ అర్థమయ్యేదే.

కానీ ఇవన్నీ దిద్దుబాటు అవసరమని చెబుతాయే గానీ, దాచాలని చెప్పవు. "జాతర రోజు లెక్కను తొలగించాం" అని ఒక్క వాక్యం రాస్తే ఎవరూ తప్పు పట్టరు. కారణం చెప్పగలిగిన మార్పుకు వెలుగు అంటే భయం ఉండదు.

అందుకే నగర సంస్థలు ఇలాంటి అధ్యయనం చేయించే ఒప్పందంలోనే కొన్ని షరతులు రాయాలని నా సూచన. తుది నివేదికతో పాటు ముసాయిదానూ, మార్పుల పట్టికనూ కారణాలతో ప్రచురించాలి. గంటగంట లెక్కల మూల సమాచారాన్ని అందరికీ ఇవ్వాలి. ఏ సరిహద్దు, ఏ వేళ, ఏ గుణకం వాడాలో లెక్క మొదలుపెట్టక ముందే ప్రకటించాలి. సంస్థ ఒప్పుకోని అంశం ఉంటే నిపుణుల వాక్యాన్ని మార్చకుండా, తన అభిప్రాయాన్ని పక్కన వేరుగా రాసుకోవాలి. చట్టం కూడా ఈ దిశలోనే ఉంది. ప్రజలపై ప్రభావం చూపే నిర్ణయాలు ప్రకటించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ ఎవరూ అడగకుండానే ప్రచురించాలని సమాచార హక్కు చట్టం 2005లోని నాలుగో సెక్షన్ చెబుతోంది.

పార్కింగ్‌కు ఇంత రాద్ధాంతం ఎందుకు అనిపించవచ్చు. ఢిల్లీ మాస్టర్ ప్లాన్ 2021 ప్రకారం బేస్‌మెంట్‌లో ఒక్క కారుకు 32 చదరపు మీటర్లు లెక్కగడతారు. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకంలో ఆర్థికంగా వెనుకబడిన కుటుంబం ఇంటికి పరిమితి 30 చదరపు మీటర్లుగా ఉండేది. నగరం నడిబొడ్డున వంద కార్లకు చోటు కల్పించడమంటే ఎంత నేలను, ఎవరి నుంచి తీసి, ఎవరికి ఇస్తున్నామో ఆలోచించండి. ఆ నేల కాలిబాట కావచ్చు, పూలమ్ముకునే ఆమె బుట్ట పెట్టుకునే చోటు కావచ్చు, బస్టాపు కావచ్చు. ఆమెను ఏ నివేదికా లెక్కించదు.

మీ ఊళ్లో తర్వాతి పార్కింగ్ నివేదిక వచ్చినప్పుడు ఒక పని చేయండి. ఒక సాయంత్రం మీ వీధిలో ఉన్న చోట్లనూ, నిలిపి ఉన్న బళ్లనూ గంటకోసారి మీరే లెక్కపెట్టండి. దానికి కాగితం, పెన్ను చాలు. మీ అంకె నివేదికలోని అంకెతో కలవకపోతే అది మోసమని వెంటనే అనకండి. "ఏ వేళ, ఏ సరిహద్దు, ముసాయిదాలో ఏముండేది?" అని రాతపూర్వకంగా అడగండి. జవాబు ఇవ్వగలిగిన సంస్థ నివేదికను నమ్మవచ్చు.